కంటికి కనబడని సరుకు, తెలిసినవాడి ధర్మం

ఆన్‌లైన్‌లో అమ్మేదీ కొనేదీ ఎక్కడో దూరాన, మూతబడిన పెట్టెలో ఉన్న సరుకునే. సరిగ్గా అలాంటి సరుకునే అమ్మకూడదంటుంది మనుస్మృతి. ఎనిమిదో అధ్యాయంలో వ్యవహారాల గురించి చెబుతూ నాలుగు నిషేధాలు వరసగా పెట్టింది. ఒకదానిలో మరొకటి కలిపి అమ్మరాదు, నాసిరకం అంటగట్టరాదు, తూకం తగ్గించరాదు, దూరాన ఉన్నదాన్నీ కప్పిపెట్టినదాన్నీ అమ్మరాదు. మొదటి మూడూ నేటికీ తప్పులే. నాలుగోది మాత్రం ఇవాళ కోట్లమంది రోజూ చేస్తున్న పని. మనుస్మృతిలోని ప్రతి మాటా నేటివాడికి ప్రమాణం కాదు. అప్పు తీసుకున్నవాడి వర్ణాన్ని బట్టి వడ్డీ రేటు మార్చిన గ్రంథమది. అయినా ఈ నిషేధం వెనకున్న ప్రశ్న మాత్రం పాతబడలేదు. సరుకు సంగతి ఒకరికి తెలిసి, ఎదుటివారికి తెలియనప్పుడు, చెప్పాల్సిన బాధ్యత ఎవరిది?

దుకాణంలో ఈ ప్రశ్నకు సగం జవాబు చేతివేళ్లే చెబుతాయి. పోచంపల్లి చీర కొనడానికి వెళ్లినావిడ ముందు కొంగు తిరగేసి చూస్తుంది. దారానికే రంగు అద్ది నేసిన ఇక్కత్‌లో బొమ్మ రెండువైపులా దాదాపు ఒకేలా ఉంటుంది. బొమ్మ అంచులు గీత గీసినట్టు కాక కాస్త చెదిరినట్టు కనిపిస్తాయి. అచ్చు వేసిన గుడ్డయితే వెనకవైపు వెలవెలబోతుంది. ఇంకా అనుమానముంటే అంచున ఒక పోగు లాగి కాల్చి చూస్తారు. పట్టయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ల మధ్య పొడి అవుతుంది. అమ్మేవాడు ఎన్ని కబుర్లు చెప్పినా పోగు అబద్ధమాడదు. ఫోన్ తెరమీద ఈ పరీక్షల్లో ఒక్కటీ సాగదు. అక్కడ ఉండేది మంచి వెలుతురులో తీసిన ఫొటో, ‘పోచంపల్లి ఇక్కత్ సిల్క్’ అనే పెద్ద అక్షరాల పేరు, బాగా కిందికి జరిపితే కనబడే ‘ఆర్ట్ సిల్క్, ప్రింటెడ్’ అనే చిన్న లైను. పైన పేరు రాసింది, కింద ఆ లైను పెట్టింది ఒకే చెయ్యి.

తెర వెనక పని చాలామంది చేతుల మీదుగా నడుస్తుంది. సరుకు సూరత్‌లోనో తిరుపూర్‌లోనో ఉన్న సెల్లర్‌ది. ఆయన మార్కెట్‌ప్లేస్‌లో పేరు నమోదు చేసుకుని, జీఎస్టీ నంబరిచ్చి, ఫొటోలు, ధర, కొలతలతో లిస్టింగ్ పెడతాడు. కొన్నిసార్లు సరుకు తన దగ్గరే ఉంచుకుంటాడు, కొన్నిసార్లు ముందుగానే మార్కెట్‌ప్లేస్ వారి గోడౌన్‌కు పంపేస్తాడు. ఆర్డర్ పడ్డాక ప్యాకింగ్ ఒకరిది, బండి మరొకరిది, గుమ్మంలో బెల్లు కొట్టేవాడు ఇంకొకరి కింద పనిచేసే కుర్రాడు. డబ్బు నేరుగా సెల్లర్ చేతికి వెళ్లదు. మధ్యలో మార్కెట్‌ప్లేస్ దగ్గర ఆగి, కమీషన్, రవాణా ఖర్చు, ప్రకటన ఖర్చు, పన్ను కోత పోగా మిగిలింది కొన్ని రోజుల తర్వాత ఆయన ఖాతాలో పడుతుంది. అమ్మకం అనే ఒక్క పని ఇన్ని ముక్కలైనప్పుడు, ఏ ముక్క పట్టుకున్నవాడైనా తప్పు తనది కాదనడానికి వీలుంటుంది. పాత గ్రంథాలు ఎదుర్కోని చిక్కు ఇదొక్కటే. మిగతావన్నీ అవి ముందే చూశాయి.

చూడకుండా కొన్నవాడికి మనసు మార్చుకునే హక్కు ఉండాలా అన్న ప్రశ్నే తీసుకుందాం. నారదస్మృతి దీనికోసం ఒక వివాదపదాన్నే, అంటే వ్యాజ్యాల్లో ఒక విభాగాన్నే, కేటాయించింది. కొన్నాక బాగాలేదనిపిస్తే అదే రోజు, పాడుచేయకుండా తిరిగి ఇచ్చేయవచ్చు. రెండో రోజు ఇస్తే ధరలో ముప్పయ్యో వంతు వదులుకోవాలి, మూడో రోజు దానికి రెట్టింపు. ఆ తర్వాత సరుకు కొన్నవాడిదే. పరీక్షించడానికి ఎన్నాళ్లు పడుతుందో కూడా సరుకును బట్టి చెప్పింది. ఇనుముకూ బట్టకూ ఒక రోజు, పాడి పశువుకు మూడు, బరువు మోసే పశువుకు ఐదు, ముత్యాలకూ పగడాలకూ ఏడు, విత్తనాలకు పది. మనుషుల్ని కూడా ఈ జాబితాలో చేర్చిన కాలమది, ఆ సంగతీ మరచిపోకూడదు. అయినా లెక్క వెనక ఉన్న బుద్ధి చురుకైనది. లోపం బయటపడటానికి ఎంతకాలం పడుతుందో అంతకాలం కొన్నవాడికి ఇవ్వాలి. పాడి గేదె అసలు రంగు మూడు రోజులు పాలు పితికితే తెలుస్తుంది, విత్తనం సంగతి మొలక వస్తేగాని తెలియదు. ఇవాళ రిటర్న్ గడువు చాలాచోట్ల అన్ని రకాల సరుకుకూ ఒక్కటే, లేదా అమ్మేవారికి ఏది అనుకూలమో అది. ఐరోపా సమాఖ్య 2011 నాటి ఆదేశంతో దూరపు అమ్మకాలకు 14 రోజుల గడువు పెట్టింది. కారణం చెప్పకుండానే కొన్నది వెనక్కి ఇవ్వవచ్చు. భారతదేశంలో మనసు మారినందుకు వెనక్కి ఇచ్చే హక్కును చట్టం అందరికీ ఇవ్వలేదు. లోపముంటే, వర్ణనకు సరిపోకపోతే, చెప్పిన గడువు దాటి వస్తే మాత్రం సెల్లర్ వెనక్కి తీసుకోనని అనడానికి లేదు.

నారదుడిదే ఇంకో నియమం ఆన్‌లైన్ కాలం కోసమే రాశారా అనిపిస్తుంది. లోపం లేనిది చూపించి లోపమున్నది ఇచ్చినవాడు కొన్నవాడికి ధరకు రెట్టింపు ఇవ్వాలి, మళ్లీ అంతే మొత్తం రాజుకు జరిమానా కట్టాలి. ఫొటోలో ఒకటి, పెట్టెలో ఒకటి వస్తే ఇవాళ దొరికేది రీఫండ్. అంటే పట్టుబడితే అమ్మినవాడు మొదటికి వస్తాడు, పట్టుబడకపోతే లాభం. పాత స్మృతికారుడు మనిషి స్వభావాన్ని ఇంతకంటే బాగానే అంచనా వేశాడు.

ఇస్లామీయ న్యాయశాస్త్రం ఇదే చిక్కును మరోవైపు నుంచి విప్పింది. తన దగ్గర లేనిదాన్ని అమ్మవద్దన్న ప్రవక్త మాట హదీసుల్లో ఉంది. సరుకు ఏమిటో, ఎంతో, వస్తుందో రాదో తెలియని అనిశ్చితిని ‘ఘరర్’ అంటారు, అది మితిమీరిన బేరం చెల్లదు. కానీ మదీనా తోటల వాళ్లు ఖర్జూరాలు కాయకముందే ఏడాదికీ రెండేళ్లకూ ముందస్తుగా డబ్బు పుచ్చుకుంటున్నారు. ఆ అలవాటును నిషేధించకుండా కొలత, తూకం, గడువు ముందే తేల్చుకోవాలన్న షరతుతో అనుమతించారు. దాన్నే ‘సలమ్’ అన్నారు. చూడని వస్తువును కొనవచ్చా అన్నదానిపై ధర్మశాస్త్ర పండితులు చీలిపోయారు. హనఫీ శాఖవారు కొనవచ్చన్నారు, అయితే చూశాక వద్దనే హక్కు కొనేవాడికి ఉంటుంది. షాఫియీ శాఖలో బలమైన పక్షం అసలు చెల్లదంది. 1990లో అంతర్జాతీయ ఇస్లామీయ ఫిఖ్ అకాడమీ టెలిఫోను, కంప్యూటరు వంటి సాధనాల మీద కుదిరే ఒప్పందాలు చెల్లుతాయని తీర్మానించింది. వివాహాన్ని, డబ్బు మారకాన్ని, సలమ్‌నూ అందులోంచి మినహాయించింది. వెబ్‌లో అంగళ్లు వెలవడానికి ముందే ఈ చర్చ ముగిసిందన్నమాట.

ఇదే సంప్రదాయంలో ధాన్యపు రాశి కథ ఒకటుంది. ప్రవక్త బజారులో ఒక రాశిలోకి చెయ్యి పెట్టారు, లోపల తడి తగిలింది. వాన పడిందన్నాడు వర్తకుడు. అయితే తడిసిన గింజల్ని జనానికి కనబడేలా పైన ఎందుకు పెట్టలేదని అడిగారు, మోసం చేసేవాడు తనవాడు కాదన్నారు. గింజలు తడవడం నేరమని ఆయన అనలేదు, వాన ఎవరి చేతిలోనూ లేదు. తడి అడుగున ఉండటమే తప్పు. పై చీర లిస్టింగ్‌లో ‘ప్రింటెడ్’ అన్న మాట ఎక్కడుందో ఇక్కడ గుర్తు చేసుకోవచ్చు. సెల్లర్ అబద్ధమాడలేదు, నిజాన్ని అడుగున పెట్టాడు.

మౌనం మోసమవుతుందా అన్న ప్రశ్నను క్రీస్తుపూర్వం 44లో రోమన్ తత్త్వవేత్త సిసిరో తన ‘కర్తవ్యాలు’ గ్రంథం మూడో భాగంలో చర్చించాడు. రోడ్స్ ద్వీపంలో కరువు. అలెగ్జాండ్రియా నుంచి ఒక వర్తకుడు ధాన్యం ఓడతో వచ్చాడు. వెనకాల మరిన్ని ఓడలు వస్తున్నాయని అతనికి తెలుసు, ద్వీపవాసులకు తెలియదు. చెబితే ధర పడిపోతుంది. చెప్పనక్కర్లేదు, చట్టం అడిగినంత చెబితే చాలన్నాడు బాబిలోన్‌కు చెందిన తత్త్వవేత్త డయోజెనిస్. చెప్పాల్సిందేనన్నాడు అతని శిష్యుడు ఆంటిపేటర్. సిసిరో శిష్యుడి పక్షం వహించాడు. తెలుసుకోవడం ఎదుటివాడికి అవసరమైన విషయాన్ని సొంత లాభం కోసం దాచడం ఊరికే మాట్లాడకుండా ఉండటంతో సమానం కాదన్నాడు. 13వ శతాబ్దంలో క్రైస్తవ తత్త్వవేత్త థామస్ అక్వినాస్ మధ్యే మార్గం పట్టాడు. సరుకులోని గుప్తదోషాన్ని అమ్మేవాడు చెప్పి తీరాలి, గుర్రానికి ఒక కన్ను లేకపోవడంలాంటిది కొనేవాడికి ఎలాగూ కనబడుతుంది కాబట్టి చెప్పకపోయినా తప్పులేదు. వెనకాల ఓడలొస్తున్న సంగతి చెప్పడం న్యాయం కోసం తప్పనిసరి కాదు, చెబితే మరింత పుణ్యం. చిక్కేమిటంటే ఆన్‌లైన్‌లో ఒంటికన్ను గుర్రాన్ని కూడా కన్ను ఉన్నవైపు నుంచే ఫొటో తీస్తారు. దుకాణంలో బయటికి కనబడే లోపాలన్నీ ఇక్కడ గుప్తదోషాలైపోతాయి. అక్వినాస్ కొలతతో చూసినా ఆన్‌లైన్ అమ్మకందారు చెప్పాల్సిన చిట్టా దుకాణదారుడి చిట్టా కంటే పొడుగవుతుంది.

తెలిసినవాడు ప్రతిసారీ అమ్మేవాడే కానక్కర్లేదు. జాతక కథల్లో మూడోదైన సేరివాణిజ జాతకంలో కొనే వర్తకుడికే అసలు విలువ తెలుసు. సేరి దేశం నుంచి ఇద్దరు చిల్లర వర్తకులు తేలవాహ నది దాటి అంధపురం చేరారు. దాన్ని ఆంధ్రుల పట్టణంగా కొందరు చరిత్రకారులు గుర్తించారు. వీధులు పంచుకున్నారు, ఒకడు తిరిగి వెళ్లిన వీధిలోకి రెండోవాడు పోవచ్చు. చితికిపోయిన ఒక ఇంట్లో అవ్వ, మనవరాలు మసిపట్టిన పాత పళ్లెం ఇచ్చి ఏదైనా నగ ఇమ్మన్నారు. మొదటివాడు దాన్ని తిరగేసి సూదితో గీసి చూశాడు, బంగారమని తెలిసింది. చిల్లిగవ్వ విలువ చేయదని నేలమీద పడేసి వెళ్లిపోయాడు, తర్వాత ఊరికే కొట్టేయవచ్చని. రెండోవాడు వచ్చి చూసి, అమ్మా ఇది లక్ష చేస్తుంది, నా దగ్గర అంత సొమ్ము లేదన్నాడు. మీకు తోచినంత ఇవ్వండన్నారు వాళ్లు. తన దగ్గరున్న ఐదు వందల కహాపణాల నాణేలు, ఐదు వందల విలువైన సరుకు ఇచ్చేసి, త్రాసు, సంచి, పడవకు ఎనిమిది కహాపణాలు మాత్రం ఉంచుకున్నాడు. ఆ రెండోవాడే బోధిసత్త్వుడు. కథలో వర్తకుడు త్యాగి కాలేదు, లాభం చేసుకునే వెళ్లాడు. తెలిసినది ముందు చెప్పాడు, తర్వాత బేరమాడాడు. బౌద్ధం అతనిలో చూసిన ధర్మం ఆ వరసలోనే ఉంది.

మహాభారతం శాంతిపర్వంలోని తులాధారుడు ఈ చర్చకు ఇంకా దగ్గరివాడు. జాజలి అనే తాపసి స్తంభంలా నిలబడి తపస్సు చేస్తుంటే జడల్లో పిచ్చుకలు గూడు పెట్టాయి. గుడ్లు పిల్లలై ఎగిరిపోయేదాకా అతను కదల్లేదు. అంత చేసి, ధర్మంలో కాశీలోని తులాధారుడికి సాటిరావని ఆకాశవాణి పలికేసరికి అంగడి వెతుక్కుంటూ వెళ్లాడు. తులాధారుడు పండించేవాడు కాదు, తయారు చేసేవాడూ కాదు. ఇతరుల చేతుల మీదుగా వచ్చిన సుగంధద్రవ్యాలూ రసాలూ కొని, కపటం లేకుండా తిరిగి అమ్ముతాడు, మద్యం మాత్రం అమ్మడు. తన త్రాసు అందరికీ సమంగా తూగుతుందన్నదే అతని తపస్సు. సరుకు తనది కాకపోయినా చేతిమీదుగా పోయినదానికి తాను పూచీ అన్న భావం అతనిలో ఉంది. సన్యాసి వచ్చి వ్యాపారి దగ్గర ధర్మం నేర్చుకున్న ఈ ఘట్టాన్ని తెలుగులోకి తెచ్చింది తిక్కన.

ఇప్పుడు మార్కెట్‌ప్లేస్ సంగతి. ‘మేం సంత మాత్రమే, అమ్మేది వేరేవాళ్లు’ అన్నది ఆ సంస్థల మాట. ఇది ఉత్త వంక కాదు. విదేశీ పెట్టుబడి ఉన్న సంస్థ సొంత సరుకు నిల్వ పెట్టుకుని వినియోగదారులకు ఆన్‌లైన్‌లో అమ్మడానికి భారత ప్రభుత్వ విధానం సాధారణంగా ఒప్పుకోదు. 2018 డిసెంబరులో వచ్చి 2019 ఫిబ్రవరి నుంచి అమలైన ప్రెస్ నోట్ 2 ఆ గీతను ఇంకా గట్టిగా గీసింది. చిన్న దుకాణదారుల రక్షణ కోసం పెట్టిన గీత అది. దాని పక్కనుంచే ఒక తాత్త్విక చిక్కు పుట్టింది. చట్టం దృష్టిలో అమ్మనివాడు సరుకు గురించి అందరికంటే ఎక్కువ తెలిసినవాడయ్యాడు. ఏ సెల్లర్ సరుకు నూటికి ఎన్నిసార్లు వెనక్కి వస్తోందో, ఏ ఫిర్యాదు పదేపదే వస్తోందో, ఏ రివ్యూలు ఒకే రోజు గుంపుగా పడ్డాయో సంతకు తెలుసు. సెల్లర్‌కు తన సరుకు సంగతే తెలుసు, కొనేవాడికి ఏదీ తెలియదు. పైగా ఊరి సంతలో ఆశీలు వసూలు చేసేవాడు ఎవరి తట్ట ముందుండాలో నిర్ణయించడు. ఇక్కడ సంతే నిర్ణయిస్తుంది, ముందు కనబడటానికి ప్రకటన పేరుతో డబ్బు కూడా తీసుకుంటుంది.

సంతకు తెలిసినది కొనేవాడికి చెప్పడం సాధ్యం కాదన్న వాదన నిలవదు. 2023లో అమెజాన్ అమెరికాలో కొన్ని వస్తువుల పక్కన, ఇది తరచుగా వెనక్కి వస్తున్న వస్తువు అనే గుర్తు పెట్టడం మొదలుపెట్టింది. రోడ్స్ ద్వీపం ఓడల కథ ఇక్కడ పూర్తిగా పనికొస్తుంది. తెలిసినది చెబితే ఆ ఒక్క అమ్మకం పోవచ్చు, అయినా చెప్పవచ్చు.

ఫొటో, రుచి, తూకం మూడూ నిజమై కూడా అమ్మకం అబద్ధమయ్యే సందర్భమొకటుంది. అది ప్రసాదం. 2024 జనవరి 22న అయోధ్యలో ప్రాణప్రతిష్ఠకు ముందు, శ్రీరామమందిర అయోధ్య ప్రసాదం పేరిట లడ్డూలు, పేడాలు అమెజాన్‌లో అమ్మకానికి కనిపించాయి. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఆ కంపెనీకి నోటీసు ఇచ్చింది. నెయ్యి స్వచ్ఛమైనదే కావచ్చు, తీపి సరిగ్గానే ఉండవచ్చు. ప్రసాదానికి విలువ పదార్థంలో లేదు. దేవుడికి నివేదించారన్న ఒక్క సంగతిలో ఉంది. దాన్ని ఏ ల్యాబూ తేల్చలేదు. తిరుపతి లడ్డూకు 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కాబట్టి ఆ పేరును చట్టం కాపాడగలదు, నివేదనను కాపాడేది మాత్రం నమ్మకమే. భక్తుడు కొనేది పూర్తిగా ఒక సాక్ష్యాన్ని. ఆ సాక్ష్యం అబద్ధమైతే, తినే మిఠాయి అమృతంలా ఉన్నా అతనికి దక్కింది సున్నా. స్మృతులు కూటసాక్షిని, అంటే అబద్ధపు సాక్షిని, అంత తీవ్రంగా ఎందుకు చూశాయో ఈ ఉదాహరణ దగ్గర తెలుస్తుంది. డబ్బిచ్చి రాయించే రివ్యూలూ ఈ కోవలోవే. 2022లో భారతీయ ప్రమాణాల సంస్థ ఆన్‌లైన్ రివ్యూల కోసం ఐఎస్ 19000 ప్రమాణం తెచ్చింది.

కొనేవాడి ధర్మం సంగతి ఎవరూ పెద్దగా మాట్లాడరు. పెళ్లికి కట్టుకుని, ట్యాగు లోపలికి దోపి, మర్నాడు సైజు సరిపోలేదని వెనక్కి పంపే బట్టలకు లెక్కలేదు. నారదుడు తిరిగి ఇవ్వనిచ్చింది పాడుచేయని సరుకునే. క్యాష్ ఆన్ డెలివరీ పెట్టి, తీరా కుర్రాడు గుమ్మంలోకి వచ్చాక వద్దనడం ఇంకో అలవాటు. సెల్లర్లు ‘ఆర్టీఓ’ అని తిట్టుకునే ఈ తిరుగుటపాకు రానుపోను ఖర్చు చాలాసార్లు చిన్న అమ్మకందారు నెత్తిన పడుతుంది. యూదుల ధర్మగ్రంథం మిష్నా ఇలాంటి విషయంలో మరీ సున్నితంగా ఉంటుంది. కొనే ఉద్దేశం లేనప్పుడు ‘ఇదెంత’ అని కూడా అడగకూడదంటుంది, మాటతో చేసే అన్యాయాల్లో దాన్నొకటిగా లెక్కించింది. దుకాణంలో గంటసేపు చెప్పులు తొడిగి చూసి, నంబరు రాసుకుని ఇంటికెళ్లి ఫోన్‌లో తక్కువకు ఆర్డర్ చేసేవారు ఆ నియమం ముందు నిలబడలేరు. డెలివరీ కుర్రాడి మాటా ఇక్కడే చెప్పుకోవాలి. ఇంత వ్యాపారంలో కొనేవాడికి ఎదురయ్యే మనిషి ముఖం అతనిదొక్కటే. పెట్టెలో ఏముందో అందరికంటే తక్కువ తెలిసినవాడూ అతనే. కోపం మాత్రం అతని మీదే చూపిస్తారు.

చట్టం కొంతదూరం వచ్చింది. 2020 జులైలో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం మార్కెట్‌ప్లేస్ సెల్లర్ వివరాలు చూపాలి, వస్తువుల్ని ఏ ప్రాతిపదికన ముందూ వెనకా పెడుతోందో చెప్పాలి, ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలిపి నెలలో పరిష్కరించాలి. సెల్లర్ తానే కొన్నవాడిలా నటించి రివ్యూలు రాయకూడదు. 2023 నవంబరు 30న వచ్చిన మార్గదర్శకాలు 13 రకాల మాయల్ని పేరుపెట్టి నిషేధించాయి. ఇంకా రెండే మిగిలాయని లేని తొందర పెట్టడం, అడగని వస్తువును కార్ట్‌లో దూర్చడం, చివరి మెట్టులో ధర పెంచడం అందులో ఉన్నాయి. సొంత సరుకు అమ్మే సంస్థ అది అసలైనదేనని నేరుగా చెప్పినా, ధ్వనించేలా చేసినా దానికి పూచీ పడాలని కూడా 2020 నిబంధనలు అంటాయి. ఇతరుల సరుకు మీద తన భరోసా ముద్ర వేసి, డబ్బు తీసుకుని ముందు వరసలో నిలబెట్టే మార్కెట్‌ప్లేస్ చేస్తున్నదీ ఆ ధ్వనించే పనే. దానికీ అదే పూచీ వర్తించాలి. ఏ వస్తువు నూటికి ఎన్నిసార్లు వెనక్కి వస్తోందో ధర పక్కనే చూపాలన్న షరతు మాత్రం ఆ నిబంధనల్లో ఇంకా లేదు.